ఒంటి ముక్క

ఉప్పుకోటను దూరం నుంచి చూసినవాడు ఎవడూ లేడు. దగ్గరికి పోయి చూసినవాళ్లు చాలామందే ఉన్నారు గాని, చూసింది చెప్పడానికి వాళ్లెవరూ తిరిగి రాలేదు. అయినా తామ్రగిరి రాజ్యంలో ఏ సత్రం అరుగు మీద కూర్చున్నా ఆ కోట గోడల ఎత్తు ఎంతో, లోపల ఎన్ని గదులో చెప్పేవాళ్లకు కొదవ లేదు. చూడనివాళ్ల నోటికి అడ్డేముంది.

ఆ రోజు మిట్టమధ్యాహ్నం రాజకుమారి కువలయ ఆ కోట వాకిట గుర్రం దిగింది. మధ్యాహ్నం అన్నమాటే గాని, సూర్యుడు పొగమంచు వెనక మాసిన పళ్లెంలా వేలాడుతున్నాడు. దేనికీ నీడ లేదు. ఆకాశాన్ని ఒరుసుకునే ప్రాకారాలు, వాటి మీద వరసలు తీరిన బురుజులు, బురుజుల అంచున పూలగుత్తులు, చిలకల బారులు, నాట్యమాడే అప్సరసలు, అన్నీ ఉప్పురాతిలో చెక్కినవే. ఎంత ముచ్చటగా చెక్కారో అంత దిగులుగా ఉన్నాయి. ఏళ్ల తరబడి మంచుకు తడిసి అప్సరసల ముఖాలు కరిగిపోయాయి. కళ్లు లేవు, ముక్కులు లేవు, నవ్వులు మాత్రం మిగిలాయి. కోట చుట్టూ కనుచూపు మేర ఊబి. సన్నని కాలిబాట తప్పి అడుగు పక్కన పడితే చాలు, అది ప్రాణిని మింగి, ఏమీ ఎరగనట్టు మళ్లీ నున్నగా సర్దుకుంటుంది. కువలయ వెంట వచ్చిన సామాను గుర్రం పొద్దున అలాగే పోయింది. పాపం, సకిలించే తీరిక కూడా దానికి దొరకలేదు.

కువలయ గుర్రాల వర్తకుడి వేషంలో ఉన్నది. తలకు కాషాయం పాగా, నడుముకు బాకు, పైపెదవి మీద జిగురుతో అంటించిన మీసం. వెంట ఉన్నవాడు గండప్ప. ఒకప్పుడు పట్టపుటేనుగుకు మావటి. కువలయను, ఆమె అన్న ప్రభంజనుణ్ణి చెరో భుజం మీదా ఎక్కించుకుని పెంచినవాడు. వాడికి అనుమానాలు ఎక్కువ, ఆకలి అంతకంటే ఎక్కువ. ఆ కోట వాకిట నిలబడితే మాత్రం వాడి ఆకలి చచ్చింది.

“ఈడ కాకి గూడా వాలట్లేదు దొరా” అన్నాడు గండప్ప. “వాలకపోతే పోయె, పురుగన్నా పాకాల గదా గోడ మీద. అదీ లేదు.”

కువలయ వెనక్కి తిరిగే మనిషి కాదు. ఏడాది కిందట ఆమె తండ్రి, తామ్రగిరి మహారాజు, పేరు తెలియని జబ్బుతో మంచం పట్టాడు. ఉప్పుకోటలో అఖండాదేవి అనే మాంత్రికురాలు ఉన్నదనీ, ఆమెతో విడుపు ఆట ఆడి గెలిచినవాడు ఏది అడిగితే అది ఇస్తుందనీ విని, ప్రభంజనుడు ఒంటరిగా బయలుదేరాడు. కొన్నాళ్లకు ఒక గద్ద వచ్చి రాజుగారి ఒళ్లో మందుభరిణె పడేసి పోయింది. రాజు లేచి కూర్చుని పథ్యం తిన్నాడు. మందు వచ్చింది గాని మనిషి రాలేదు. గెలిచినవాడు ఎందుకు రాలేదన్నది ఎవరికీ అంతు పట్టలేదు. వెతకబోయిన సైనికులూ రాలేదు. అన్నను తీసుకునిగాని తామ్రగిరిలో అడుగు పెట్టనని తల్లి పాదాలు ముట్టి చెప్పి వచ్చింది కువలయ.

ఆమె తలుపు తట్టబోయింది. తట్టకముందే లోపలి నుంచి ఒక గొంతు, “రా నాయనా, తలుపు తీసే ఉంది” అన్నది.

అది ప్రభంజనుడి గొంతు. కొద్దిగా బొంగురు, మాట చివర కాస్త సాగదీత, సందేహమే లేదు. ఆమె వేషం సంగతీ మరిచి, గండప్ప సంగతీ మరిచి, తలుపు తోసుకుని లోపలికి పరుగెత్తింది.

లోపల అన్న లేడు. వెయ్యి స్తంభాల సభామంటపం ఉన్నది. ఉప్పుస్తంభాల మీద లతలు, లతల మధ్య అద్దాల బిళ్లలు, పైన పొగమంచే కమ్మిన కప్పు. నడిమి తివాచీ మీద ఒక స్త్రీ దిండుకు ఆనుకుని కూర్చున్నది. వయసు ఇరవయ్యో అరవయ్యో పోల్చడం కష్టం, ఎందుకంటే ఒక చెంప పడుచుది, రెండో చెంప ముడతలు పడింది. ఎడమ చెయ్యి పసిపిల్లది, బొద్దుగా, గాజులతో ఉన్నది. ఒక పాదం నల్లన, ఒక పాదం తెల్లన. ముఖంలో తేనెరంగు కళ్లు రెండు మాత్రం ఒక్కరివే. కొప్పు ఎందుకో ఎడమవైపుకు బాగా వాల్చి ముడిచి ఉన్నది.

“కూర్చో నాయనా” అన్నది ఆ స్త్రీ, ప్రభంజనుడి గొంతుతో. “నేనే అఖండను.”

ఆమె కూర్చోమని కుడిచెయ్యి చాచింది. అది మగవాడి చెయ్యి. బొటనవేలి మొదట అడ్డంగా పాత గాటు. తామ్రగిరి తోటలో పనసకాయ కోస్తూ ప్రభంజనుడు ఆ గాటు పెట్టుకున్న రోజున, నెత్తురు చూసి వాడికంటే ఎక్కువ ఏడ్చింది కువలయే. ఆ తేనెరంగు కళ్లు ఎవరివో కూడా ఆమెకు అప్పుడే తెలిసింది. గండప్ప వెనక నుంచి వచ్చి ఆమె భుజం పట్టుకోకపోతే వేషం అక్కడే బయటపడేది.

గోడల వెంబడి తెల్లని దుప్పట్లు కప్పుకుని మనుషులు వరసగా కూర్చుని ఉన్నారు. ఎవరూ కదలడం లేదు. దుప్పట్లు మాత్రం ఊపిరికి కొద్దిగా లేచి పడుతున్నాయి. వాళ్లు తన అతిథులనీ, ఆట మీద మోజు తీరక ఉండిపోయారనీ అఖండాదేవి చెప్పింది. కొన్ని దుప్పట్ల కింద మనిషి మనిషంత ఎత్తున్నాడు. కొన్నిటి కింద బిందె అంతకు మించి లేడు.

గుర్రాల వర్తకులమనీ, అదృష్టం చూసుకుందామని వచ్చామనీ కువలయ చెప్పింది. అఖండాదేవి తల ఊపి విడుపు ఆట ముక్కలు తీసింది. గుండ్రటివి, గోరంత పలచనివి, మీద రంగుల బొమ్మలు. కువలయకు ఆ ఆట కొత్త కాదు. తామ్రగిరిలో ముసురు పట్టిన రోజుల్లో అంతఃపురమంతా ఆడేది అదే. అన్నాచెల్లెళ్లు దాని మీద జుట్లు పట్టుకున్న రోజులూ ఉన్నాయి. తలా ఏడు ముక్కలు పంచుతారు. గుర్రం, ఏనుగు, పడవ, పద్మం అని నాలుగు బొమ్మలు, వాటి మీద అంకెలు. నడుమ ఉన్న ముక్కకు బొమ్మయినా కలవాలి, అంకెయినా కలవాలి. కలిసినది వేసి వదిలించుకోవడం, కలవకపోతే కట్టలోంచి ఒకటి ఎత్తుకోవడం. ఒకే అంకె రెండుంటే జోడీగా ఒక్కసారే వేయవచ్చు. పాము ముక్క పడితే పక్కవాడు రెండు ఎత్తాలి. గద్ద ముక్క వేసినవాడు ఎదుటివాళ్ల చేతిలోంచి ఒకటి తన్ని కుప్పలో పడేయవచ్చు. ఎవరి చెయ్యి ముందు ఖాళీ అయితే వాళ్లది గెలుపు. చేతిలో ఒక్కటే మిగిలినప్పుడు “ఒంటి ముక్క” అని పైకి చెప్పాలి. చెప్పడం మరిస్తే నడిమి కుప్పంతా నెత్తికెక్కుతుంది. ఇదంతా పసిపిల్లలకు కూడా తెలుసు.

ఒక్కటే కొత్త. ఇక్కడ ఆలోచించుకోవడానికి వ్యవధి లేదు. తివాచీ పక్కన ఒక మద్దెల ఉన్నది, దాన్ని రెండు చేతులు వాయిస్తున్నాయి. చేతులే. మణికట్టు దాటి వెనక ఏమీ లేదు. దెబ్బకూ దెబ్బకూ నడుమ ముక్క వేయకపోతే కట్టలోంచి ఎత్తుకోవాలని అఖండాదేవి చెప్పింది. గండప్ప ఆ చేతులను చూసి, చూడనట్టు ముఖం తిప్పుకుని, లోపల ఆంజనేయుణ్ణి తలుచుకున్నాడు.

మద్దెల మోగింది. ఆట మొదలైంది.

అఖండాదేవి వేసిన తరవాత గండప్ప, వాడి తరవాత కువలయ. గుర్రం మీద గుర్రం, గుర్రం మూడు మీద పడవ మూడు, పడవ మీద పాము. ముక్కలు చిటపటమని పడుతున్నాయి. దెబ్బ వేగం పెరిగింది. కువలయ కళ్లు ముక్కల మీద కంటే ఆ కుడిచేతి మీదే ఎక్కువ ఉన్నాయి. పంచేటప్పుడు చిటికెనవేలు కాస్త ఎత్తిపట్టే అలవాటు కూడా ప్రభంజనుడిదే. గండప్పకు మాత్రం ఆట ఎక్కింది. భయమంతా ఆ ఎక్కడంలో కొట్టుకుపోయి, జోడీ తరవాత జోడీ కొట్టి, చేతిలో ఒక్కటి మిగిలేసరికి వాడు తొడ చరిచి “ఒంటి ముక్క” అని అరిచాడు.

కువలయ తన వంతు వేసింది. అఖండాదేవి నెమ్మదిగా పాము వేసింది. గండప్ప గొణుక్కుంటూ రెండు ఎత్తుకుని, ఎడమ చెవి గోక్కోబోయి ఆగిపోయాడు. చెయ్యి నున్నని చర్మం మీద జారింది. చెవి లేదు. నెత్తురు లేదు, నొప్పి లేదు, అక్కడ ఎప్పుడూ ఏమీ లేనట్టే ఉన్నది.

అఖండాదేవి కొప్పు సర్దుకుంటూ ఎడమవైపు జుట్టు వెనక్కి తోసింది. అక్కడ ఒక మగవాడి చెవి, దానికి రాగి పోగు. తల పంకిస్తే పోగు ఊగింది. ఇన్నాళ్లకు ఈ వైపు వినబడుతున్నదని ఆమె సంబరపడింది.

ఆ పోగు చూసిన మరుక్షణమే కువలయకు విషయమంతా తెలిసిపోయింది. ఒంటి ముక్క అంటే ఒకే ఒక్క ముక్క అని ఆడేవాళ్లు అనుకుంటారు. ఒంట్లోని ముక్క అని ఈమె అనుకుంటున్నది. తమ నోటితో తాము ఒంటి ముక్క అన్నప్పుడల్లా, ఒళ్లు కోసి ఒక ముక్క ఇస్తున్నామని చెబుతున్నారు వీళ్లు. ఈమె అడగడం లేదు, లాక్కోవడం లేదు, ఇచ్చింది పుచ్చుకుంటున్నది అంతే. అన్న మందు గెలుచుకున్న రోజున చెయ్యి పోయింది. ఆ చెయ్యి కోసం మళ్లీ ఆడి కళ్లు పోగొట్టుకున్నాడు. మళ్లీ ఆడి గొంతు పోగొట్టుకున్నాడు. చిన్నప్పటి నుంచి నోట నానిన మాట కనక ఒక్కసారైనా అనుమానించి ఉండడు. తనకు మాత్రం తోచిందా, గండప్ప చెవి పోయిందాకా.

“గండప్పా, నువ్వింక ముక్కలు వదిలించుకోకు. ఎత్తుకుంటూనే ఉండు” అన్నది కువలయ. ఎందుకని గండప్ప అడగలేదు. ఉన్న ఒక్క చెవినీ చేత్తో కప్పుకుని, రెండో చేత్తో కట్టలోంచి ఎత్తడం మొదలుపెట్టాడు. కాసేపటికి పెళ్లిపందిట్లో విస్తళ్లు మోసేవాడిలా తయారయ్యాడు.

ఆ తరవాత కువలయ అఖండాదేవి చేతిని కనిపెట్టి చూసింది. ముక్కలు మూడు కాగానే ఆమె ఒకటి వేసి రెండు నిలుపుకుంటున్నది. ఆ రెండూ ఒకే అంకె అయిందాకా వేయకుండా ఎత్తుకుంటున్నది. జోడీగా వేసి ఒక్కసారే చెయ్యి ఖాళీ చేయాలని ఆమె ఎత్తు. ఒంటి ముక్క అనే మాట తన నోట రానివ్వదు.

అఖండాదేవి చేతిలో మళ్లీ రెండు మిగిలాయి. ఈసారి తేనెరంగు కళ్లు తృప్తిగా మెరిశాయి, అంటే జోడీ కలిసింది. ఆమె వంతు రావడానికి ముందు కువలయ వంతు. కువలయ దాచి ఉంచిన గద్దను వేసింది. వేసి, వంగి, ఆ కుడిచేతిలోని రెండు ముక్కల్లో ఒకటి పట్టుకున్నది.

చెయ్యి వెచ్చగా ఉన్నది. ముక్క లాగుతుంటే బొటనవేలు కదిలి ఆమె వేలిని ఒక్కసారి నొక్కింది. చిన్నప్పుడు చీకటి నడవలో నడిపించేటప్పుడు అన్న అలాగే నొక్కేవాడు, నేనున్నానులే అన్నట్టు. కువలయకు కన్నీళ్లు ఆగలేదు. కన్నీళ్లతోనే ముక్క లాగి కుప్పలో పడేసింది.

అఖండాదేవి చేతిలో ఒక్కటే మిగిలింది. మంటపమంతా ఊపిరి బిగపట్టింది, దుప్పట్ల కింద కూడా. ఆమె పెదవులు విడలేదు. మద్దెల మీద దెబ్బ పడింది. నడిమి కుప్పంతా తనంత తానే లేచి, గలగలమని ఆమె ఒళ్లోకి వచ్చి పడింది.

“నాచేత కుప్ప ఎత్తించినవాళ్లు లేరు ఇంతవరకు” అన్నది అఖండాదేవి, కోపం లేకుండా. తన కుడిచేతి వంక చూసుకుని నవ్వింది. “ఈ చెయ్యి నిన్ను ఎరుగునమ్మా. గుర్రాల వర్తకుడి వేలు ఇది ఎందుకు నొక్కుతుంది? చెల్లెలు వస్తుందని దీనికి ముందు నుంచీ ఆశే.”

అన్న గొంతుతోనే ఆ మాట వినడం కువలయ భరించలేకపోయింది. బాకు దూసి ఆ గొంతు కోస్తే పోయేది ఎవరి గొంతో తెలుసు కనక ఊరుకున్నది.

ఆట ఆగలేదు. కుప్ప ఎత్తడంలో పాములన్నీ, గద్దలన్నీ అఖండాదేవి చేతికి చేరాయి. ఆమె వెంటనే ఒక గద్ద వేసి కువలయ చేతిలోంచి ఒకటి తన్నింది. కువలయ దాచుకున్న నాలుగుల జోడీ విరిగింది. మిగిలినవి రెండే ముక్కలు: పద్మం నాలుగు, ఏనుగు రెండు. గండప్ప పద్మం ఒకటి వేశాడు. కువలయ పద్మం నాలుగు వేసింది. చేతిలో ఒక్క ఏనుగు మిగిలింది.

దెబ్బ పడబోతున్నది. నోరు మూసుకుంటే ఒళ్లు దక్కుతుంది, ఆట పోతుంది. గద్దలన్నీ అవతల ఉండగా మళ్లీ ఇంత దగ్గరికి రావడం కల్ల. ఒంటి ముక్క అంటే ఆట దక్కుతుంది, అన్న పక్కన తన కోసం ఒక దుప్పటి సిద్ధమవుతుంది. మద్దెల మీద చేతులు పైకి లేచాయి.

“ఒక్క ముక్క” అన్నది కువలయ.

చేతులు గాలిలో ఆగాయి. అఖండాదేవి కనుబొమలు ముడిపడ్డాయి. చేతిలో ఉన్నది ఒక్క ముక్కే, చెప్పింది నిజమే, నియమం తప్పలేదు. ఒళ్లు మాత్రం ఆ మాటలో లేదు. కాసేపు తటపటాయించి, చేతులు మద్దెల మీద మెల్లగా దిగాయి. దెబ్బ పడింది, ఒప్పుకున్నట్టే.

అప్పుడు అఖండాదేవి పకపకా నవ్వింది.

“ఒంటి ముక్కలు ఇచ్చినవాళ్లే గాని, మాట ఇచ్చినవాళ్లు లేరమ్మా నాకు” అన్నది. “ఒక్క ముక్క చెప్పు అంటే ఒక్క మాట చెప్పమనే గదా. ఒక మాట నాకిచ్చావు. ఏది కావాలో నేను తీసుకుంటాను.”

ఆమె కళ్లు మూసుకుని, తీపి చప్పరించినట్టు నాలుక ఆడించింది. కువలయ ఉలిక్కిపడి తన మాటలన్నీ తడుముకున్నది. తన పేరు ఉన్నది. అమ్మ, నాన్న, తామ్రగిరి, గండప్ప, గుర్రం, బాకు, నీళ్లు, నిప్పు, అన్నీ నోటికి వస్తున్నాయి. వేల మాటల్లో ఒకటి పోతే పోయిందిలే, వేలు పోవడం కంటే నయం అనుకున్నది. తెలివైనవాళ్లు చేసే పొరపాట్లు ఇలాగే ఉంటాయి.

అఖండాదేవి పద్మం అయిదు వేసింది. కువలయ చేతిలో ఏనుగు ఉన్నది. ఇప్పుడు గండప్ప ఏనుగు వేస్తేనే ఆమెకు దారి. చేతిలో ఉన్నది పైకి చెప్పకూడదు. కువలయ గండప్ప వంక చూసి, ఒక చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుని మోచెయ్యి మెల్లగా ఊపింది. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచీ ఏనుగుల మధ్య బతికినవాడు ఆ ఊపు పోల్చుకోకుండా ఉంటాడా. విస్తళ్లంత కట్టలోంచి ఏనుగు అయిదు లాగి కొట్టాడు. దాని మీద కువలయ ఏనుగు రెండు పడింది.

కువలయ చేతిలో ఏమీ లేదు. మద్దెల ఆగిపోయింది.

“గెలిచావు” అన్నది అఖండాదేవి. “అడుగు. దెబ్బ పడేలోపు అడగాలి, అది గుర్తుంచుకో.”

కువలయ లేచి నిలబడింది. ఏడాదిగా నిద్రలో కూడా పలవరించిన కోరిక అది. “నాకు నా” అని మొదలుపెట్టింది. ఆ తరవాత మాట లేదు. మెట్టు ఉన్నదనుకుని అడుగు వేస్తే లేకపోయినట్టు, అక్కడ ఖాళీ. మళ్లీ మొదలుపెట్టింది. మళ్లీ ఖాళీ. నా ఏమిటి? ఎందుకు వచ్చింది తను ఇక్కడికి? ఎవరి కోసమో ఏడ్చినట్టు చెంపలు తడిగా ఉన్నాయి. ఎవరి కోసం?

గండప్ప ఆమె ముఖం చూసి కంగారుపడి దగ్గరికి వచ్చాడు. వాడి పెదవులు ఏదో చెబుతున్నాయి. “మీ” అని వినబడింది, “గారమ్మా” అని వినబడింది, నడుమ ఏమీ వినబడలేదు. వాడు ప్రభంజనుడి పేరు చెప్పాడు. ఎవరో రాజకుమారుడి పేరులా ఉన్నదనుకున్నది కువలయ. మద్దెల మీద చేతులు మెల్లగా పైకి లేస్తున్నాయి.

“మీ తోడబుట్టినోడు తల్లీ” అన్నాడు గండప్ప, ఏడుస్తూ. “మీ అమ్మగారి కడుపునే పుట్టాడు. ఈ భుజం మీద మీరు, ఆ భుజం మీద ఆయన.”

తన తల్లికి తను ఒక్కతే కూతురు. అంతవరకు ఆమెకు బాగా తెలుసు. మరి గండప్ప ఎందుకు ఏడుస్తున్నాడు? గండప్ప అబద్ధం చెప్పడం ఆమె పుట్టి ఎరగదు. చేతులు దెబ్బకు దిగుతుండగా కువలయ గట్టిగా చెప్పింది.

“గండప్ప ఎవరి కోసం ఏడుస్తున్నాడో ఆ మనిషిని, ఒంట్లో ఏ ముక్కా లోటు లేకుండా ఇయ్యి.”

దెబ్బ పడింది. ఆ దెబ్బకు మంటపం కప్పు నుంచి మూల దాకా నెర్రె విచ్చింది, పొగమంచు పాలవరదలా లోపలికి పొర్లింది. అఖండాదేవి కుడిచెయ్యి భుజం దగ్గర మాయమైంది. ముఖంలో కళ్లు ఉన్నచోట నున్నని చర్మం మిగిలింది. అరవబోయి నోరు తెరిస్తే గొంతు రాలేదు. ఆమె తడుముకుంటూ, స్తంభాలకు గుద్దుకుంటూ, నెర్రెలోంచి బయటి మంచులోకి జారిపోయింది. గోడ దగ్గర ఒక దుప్పటి జారి కిందపడింది. దాని కింద నుంచి ఒక యువకుడు లేచి, కుడిచెయ్యి కళ్ల ముందు తిప్పి చూసుకుని, చంటిపిల్లాడిలా వెక్కి ఏడ్చాడు.

గండప్ప పోయి కాళ్లు కావలించుకున్నాడు. చెల్లెలు వచ్చిందనీ, గెలిచిందనీ, ఈ మీసం అంటించుకున్నది ఆమేననీ ఏకరువు పెట్టాడు. ప్రభంజనుడు ముందుకు ఒక అడుగు వేసి ఆగాడు. కువలయ కూడా ఒక అడుగు వెనక్కి వేసింది. పరాయి మగవాడు మీదికి వస్తుంటే ఆమె చెయ్యి తెలియకుండానే బాకు మీదికి పోయింది.

“ఏడాదిగా ఈ కోటలో ఉన్నాను గండప్పా” అన్నాడు ప్రభంజనుడు. “ఇక్కడ ఒకరి ముఖం ఇంకొకరికి ఉంటుంది. ముఖాలు నేను నమ్మను.” కువలయ వైపు తిరిగాడు. “నువ్వే అయితే నన్ను ఒక్కసారి పిలు. చిన్నప్పటి నుంచి ఎలా పిలుస్తావో అలా. అదొక్కటి చాలు నాకు.”

కువలయ నోరు తెరిచింది. ఎదుటి మనిషి కళ్లలో అంత ఆశ చూసి జాలివేసింది. ఎలాగైనా పిలవాలనుకున్నది. లోపలంతా వెతుక్కున్నది, పిలవడానికి ఏమీ దొరకలేదు.

“క్షమించండి” అన్నది చివరికి. “అయ్యా, మీరెవరో నాకు తెలియదు.”

అప్పుడు బయట, పొగమంచులో, ఊబి నడిమి నుంచి ఒక పిలుపు వినబడింది. స్పష్టంగా, ముద్దుగా, కాస్త గారాబంగా, అచ్చం కువలయ గొంతు.

“అన్నా.”

తన నోటి నుంచి పోయిన మాటే తన గొంతుతో పలికినా, కువలయకు అది ఎవరో ఏదో అరిచినట్టు మాత్రమే వినబడింది. ప్రభంజనుడి ముఖం వెలిగింది. “వస్తున్నానమ్మా, అక్కడే ఉండు” అని కేక వేసి, కాళ్లకు అడ్డం పడిన గండప్పను విదిలించుకుని, ఆ పిలుపు వచ్చిన వైపుకు, కాలిబాట వదిలి పరుగెత్తాడు.